ఉత్తరం ఎన్నాళ్ళకొకటి?

మన యువత రాసే కథలు, కవితలు, అనుభవాలు ఒకచోట చేర్చి ఈమెయిల్ ద్వారా ఇంటింటికీ పంపే సాహిత్య లేఖ ఒకటి మొదలుపెట్టాలని సంఘంలో అందరం అనుకున్నాం. లేఖ అవసరమా కాదా అన్నదాని మీద భేదాభిప్రాయం లేదు. ఎవరెవరు పని పంచుకోవాలో కూడా తేలిపోయింది. ఒక్క ప్రశ్న దగ్గరే ఎటూ తెగలేదు. ఎన్నాళ్ళకొకసారి పంపాలి? వారానికా, పక్షానికా, నెలకా, మూడు నెలలకా?

ఇంత చిన్న విషయానికి సంపాదకీయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మాకు ఇది చిన్న విషయంగా కనిపించడం లేదు. ఎన్నాళ్ళకొకసారి పంపుతామో తేలితే, అందులో ఎవరు రాయగలరో కూడా తేలిపోతుంది. తీరిక ఉన్నవాళ్ళు మాత్రమే రాయగలిగే లేఖ ఒకటి, రెండు పూటలా పనిచేసేవాళ్ళు కూడా రాయగలిగే లేఖ ఒకటి. ఈ రెండింటిలో మనకు ఏది కావాలన్నదే అసలు ప్రశ్న.

వారానికొకటి కావాలనే తమ్ముళ్ళ, చెల్లెళ్ళ మాటలో బలం ఉంది. వారం వారం వచ్చేదానికి మనిషి అలవాటుపడతాడు. నెల గడిచేసరికి పంపినవాళ్ళ పేరు కూడా మరిచిపోతాడు. పైగా రాసేవారికి గడువు దగ్గరగా ఉంటేనే చెయ్యి కదులుతుంది. చేతిలో ఫోన్ ఉన్న ఈ కాలంలో నెలకొకసారి పలకరిస్తే ఎవరు పట్టించుకుంటారని వారు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

అయితే ఒక కథ వెనక ఎంత పని ఉంటుందో ఒకసారి లెక్కపెట్టి చూద్దాం. వచ్చినదాన్ని కనీసం రెండుసార్లు చదవాలి. రాసినవారితో మాట్లాడాలి. "ఇక్కడ నీ అభిప్రాయం కాదు, ఆ రోజు అమ్మ ఏమందో రాయి" అని చెప్పాలి. వారు తిరగరాయాలి. చేతిరాత ఫొటో పంపినవారిది టైపు చేయాలి. ఒత్తులు, దీర్ఘాలు సరిచూడాలి. సరిచూసినదాన్ని మళ్ళీ రాసినవారికి చూపించి ఒప్పుకోలు తీసుకోవాలి. కొత్తగా రాసేవారి విషయంలో ఇదంతా ఒక వారంలో జరగదు. జరగాలని పట్టుబడితే రెండు దారులే మిగులుతాయి. వచ్చింది వచ్చినట్టు వేసేయడం ఒకటి. ఇప్పటికే చెయ్యి తిరిగిన నలుగురైదుగురి చేతనే ప్రతివారం రాయించుకోవడం రెండోది.

ఆ నలుగురైదుగురు ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు. సొంత గది, ల్యాప్‌టాప్, ఆదివారం మధ్యాహ్నం తీరిక ఉన్నవాళ్ళు. వాళ్ళు రాయకూడదని మేము అనడం లేదు. కానీ బెంగళూరులో తెల్లవారకముందే వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ ఇంటి అమ్మాయి ఎప్పుడు రాస్తుంది? కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక, పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్ళి పనిచేసి రాత్రికి ఇల్లు చేరే కుర్రాడు ఎప్పుడు రాస్తాడు? సోలాపూరులో ఆ రోజు బీడీల లెక్క పూర్తి చేసి, వంట ముగించి కూర్చునే తల్లికి కలం పట్టే సమయం ఎక్కడిది? వీళ్ళు రాయలేక కాదు. వీళ్ళ కథ పది రోజులకు ఒక పేజీ చొప్పున కదులుతుంది. వారపు గడువు పెట్టి "అవకాశం అందరికీ ఇచ్చాం, వాళ్ళే పంపలేదు" అంటే అది న్యాయం కాదు. తలుపు తెరిచి పెట్టామంటూ, వాళ్ళు పనిలో ఉన్న వేళలో మాత్రమే తెరిచి ఉంచడం అవుతుంది.

పత్రిక నడిపే గడువు మనిషి మీద ఎంత బరువు వేస్తుందో మన నాయకుల చరిత్రలోనే కనిపిస్తుంది. అంబేడ్కర్ 1920 జనవరి 31న బొంబాయిలో 'మూక్‌నాయక్' ప్రారంభించారు. అది పక్షపత్రిక. ఆ ఏడాదే చదువు పూర్తి చేయడానికి ఆయన లండన్ వెళ్ళారు. కొద్ది సంవత్సరాలకే పత్రిక ఆగిపోయింది. 1927 ఏప్రిల్‌లో 'బహిష్కృత్ భారత్' మొదలుపెట్టారు. అది కూడా పక్షపత్రికే. అది మహాడ్ చెరువు పోరాటం నడుస్తున్న కాలం. ఆ పత్రికలో చాలా భాగం ఆయన ఒక్కరే రాయాల్సి వచ్చింది. 1929లో అదీ ఆగింది. అంబేడ్కర్ అంతటి మనిషికే పదిహేను రోజుల గడువు అంత భారమైంది. డబ్బు లేక, రాసే చేతులు చాలక, ఉన్న ఒక్కరి మీదే మొత్తం పడింది. ఆయన రాయాల్సిన అవసరం అప్పటి పోరాటానిది, దాన్ని వాయిదా వేయడం కుదరదు. మన లేఖకు అలాంటి తొందర లేదు. అందుకని ఒకరిద్దరి భుజాలు విరిగేలా గడువు పెట్టుకోవాల్సిన పని మనకు లేదు.

వారపు లేఖలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు చెప్పుకోకపోతే తర్వాత చెప్పుకోలేం. రాసినవారికి ఎంతో కొంత ఇవ్వాలన్నది మన కోరిక. పది లేఖలకైతే చిన్న మొత్తమైనా ఇవ్వగలం. యాభై రెండింటికి ఇవ్వలేం. కూలి గురించి ఇంతగా మాట్లాడే మనం యాభై రెండు వారాలు ఊరికే రాయించుకుంటే, మన మాటకూ చేతకూ పొంతన ఉండదు.

ఇక ఏ రచనకు ఎంత వ్యవధి కావాలో మన తెలుగు పత్రికల చరిత్ర చక్కగా చెబుతుంది. ఆ చరిత్ర మనకు పరాయిది కాదు. తెలుగులో తొలి పత్రికగా చాలామంది పరిశోధకులు చెప్పే 'సత్యదూత' 1835లో బళ్ళారి క్రైస్తవులు తెచ్చినది. బళ్ళారి ఇవాళ కర్ణాటకలో ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక'ను 1908లో మొదలుపెట్టింది బొంబాయిలో. అప్పుడది వారపత్రిక. 1914లో మద్రాసుకు తరలివచ్చి దినపత్రిక అయింది. అలా రోజూ అచ్చేసే శక్తి, యంత్రాలు, మనుషులు ఉన్నా, సాహిత్యాన్ని ఆయన దినపత్రికలోకి తోసేయలేదు. 1924లో 'భారతి' అనే మాసపత్రికను వేరుగా మొదలుపెట్టారు. ఉగాదికి ఏడాదికొకసారి వచ్చే ప్రత్యేక సంచిక మరొకటి. వార్తకు రోజు, సాహిత్యానికి నెల, పండుగ సంచికకు ఏడాది. ఒకే మనిషి, ఒకే సంస్థ, అయినా ఒక్కోదానికి ఒక్కో వ్యవధి. దినపత్రిక నడిపే చేతులే సాహిత్యానికి నెల గడువు ఇచ్చాయంటే, ఆ నెలను మనం ఆలస్యంగా చూడనక్కర్లేదు.

అలాగని మూడు నెలలకొకసారి చాలని అనే పెద్దల మాట కూడా మాకు పూర్తిగా రుచించలేదు. మంచివి ఏరుకోవచ్చు, తీరిగ్గా దిద్దవచ్చు అని వారు అంటున్నారు. నిజమే. కానీ మొదటిసారి కవిత పంపిన పదిహేడేళ్ళ పిల్లకు మూడు నెలలంటే చాలా దూరం. జవాబు కోసం ఎదురుచూసి, వాళ్ళకు నచ్చలేదేమో అనుకుని, రెండోది రాయడం మానేస్తుంది. మనం పోగొట్టుకునేది ఆ రెండో కవితను.

మూడు నెలల లేఖకు సాంకేతికమైన అడ్డంకి కూడా ఉంది. జీమెయిల్‌లో ఒక మెయిల్ సుమారు 102 కేబీ దాటితే మిగతా భాగాన్ని కత్తిరించి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండని ఒక లింకు పెడుతుంది. ఇంగ్లీషువాళ్ళకు ఇది పెద్ద బాధ కాదు. కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో అక్షరానికి మూడు, దాని పక్కన గుణింతపు గుర్తుకు మళ్ళీ మూడు. 'తెలుగు' అనే మాటకే 18 బైట్లు అవుతాయి. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 6. ఆ లెక్కన రెండు వేల మాటల తెలుగు కథ ఒక్కటే దాదాపు 50 కేబీ తింటుంది. రెండు కథలు పెడితే హద్దుకు వచ్చేస్తాం. మూడు నెలల రచనలన్నీ ఒకే మెయిల్‌లో కుక్కితే, చివర వేసిన కొత్త కవి పేరు చాలామంది కంట పడకుండానే పోతుంది. చివర ఉండేది ఎప్పుడూ కొత్తవాళ్ళే అన్నది వేరే చెప్పాలా?

చదివేవారి వైపు నుంచి కూడా చూడాలి. మన పాఠకులు అందరూ ఒకే వేగంతో తెలుగు చదవరు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం బడిలో తమిళం తప్పనిసరి అయింది. దాంతో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తెలుగు చదవకుండా పెరిగిన పిల్లలు ఎందరో ఉన్నారు. బరంపురంలో, రాయగడలో, పుణేలో పరిస్థితి కొంత అటూ ఇటూ అయినా, మన చాలా ఇళ్ళలో తెలుగు లిపి నిలిచింది బైబిలు వల్ల, కీర్తనల పుస్తకం వల్ల. సండే స్కూల్లో అక్షరాలు కూడబలుక్కున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళు తెలుగు కథ చదవాలంటే వేలు పెట్టి చదువుతారు. నాలుగు పేజీలకు రెండు సాయంత్రాలు పట్టవచ్చు. యానాంలో తెలుగు మీడియంలో చదివిన పాఠకుడికి అరగంట పని, హోసూరులో ఇంకొకరికి వారం పని. మొదటిది పూర్తికాకముందే రెండోది, రెండోది తెరవకముందే మూడోది వచ్చి పడితే ఆ హోసూరు పాఠకుడికి మిగిలేది తప్పు చేసిన భావన. నాకు ఈ తెలుగు అందదులే అని పక్కన పెట్టేస్తాడు. ఏ పాఠకుడి కోసం లేఖ మొదలుపెట్టామో ఆ పాఠకుడినే ముందుగా పోగొట్టుకుంటాం.

వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలు, ప్రార్థన మనవులు, పెళ్ళి కార్డులు రోజూ వందల్లో వస్తాయి. అందుకే మనం ఈమెయిల్ ఎంచుకున్నాం. వచ్చినది అక్కడే ఉంటుంది, ఏడాది తర్వాత వెతికినా దొరుకుతుంది. కానీ మన యువత ఇన్‌బాక్స్ ఎలా ఉంటుందో గుర్తుంచుకోవాలి. ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తు జవాబు, కాలేజీ ఫీజు నోటీసు, బ్యాంకు మెయిల్, వాటి మధ్య పాతిక ప్రకటనలు. ఆ గుంపులో మన లేఖ కూడా ఒక ప్రకటనలా తోస్తే, చదవకుండానే స్పామ్ అని నొక్కుతారు. అలా నొక్కేవారు పెరిగితే ఇష్టపడి చదివేవారి మెయిల్ కూడా స్పామ్‌లోకి వెళ్ళడం మొదలవుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పెద్ద సంఖ్యలో మెయిళ్ళు పంపేవారికి నియమాలు బిగించింది. స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి మూడుకు చేరకూడదన్నది వాటిలో ఒకటి. మనం అంత పెద్దవాళ్ళం కాదు. అయినా ఆ లెక్క గుర్తుంచుకోవాలి. వెయ్యి మందిలో ముగ్గురి విసుగు మిగతావారి ఉత్తరానికి అడ్డుపడగలదు.

ఎంతమంది తెరిచారో చూసి దాన్నిబట్టి వ్యవధి మార్చుకుందామని ఒక సలహా వచ్చింది. ఆ అంకె మీద మాకు నమ్మకం లేదు. మెయిల్‌లో కనిపించకుండా పెట్టిన చిన్న బొమ్మ ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కించి ఆ అంకె చెబుతారు. 2021 నుంచి ఆపిల్ ఫోన్లలోని మెయిల్ ఆప్, ఆ రక్షణ పెట్టుకున్నవారి విషయంలో, మనిషి చూడకపోయినా ఆ బొమ్మను తనే ముందుగా తెరిచేస్తుంది. ఇంకో వైపు, ఒక్కరు తెరిచి ఇంట్లో అయిదుగురికి చదివి వినిపిస్తే అంకె ఒకటే. అమ్మమ్మకు చదివి వినిపించే మనవరాలు మన పాఠకుల్లో ముఖ్యురాలు. ఆ వినడం ఏ లెక్కలోనూ ఎక్కదు.

గుర్రం జాషువా 'గబ్బిలం' 1941 నాటిది. గుడి లోపలికి రానివ్వని మనిషి తన బాధను గబ్బిలం చేత కబురంపుతాడు. కబురు ఉన్నా, దాన్ని మోసుకెళ్ళే దారి లేకపోవడం ఎలాంటిదో మన పెద్దలకు తెలుసు. ఇవాళ దారి మన చేతిలో ఉంది. వేలు కదిపితే అయిదు రాష్ట్రాలకు చేరుతుంది. పంపడం ఇంత సులువైంది కాబట్టే, ఎప్పుడు పంపకుండా ఉండాలో మనం ఆలోచించి నిర్ణయించుకోవాలి.

అన్నీ ఆలోచించాక మా అభిప్రాయం ఇది. లేఖ నెలకు ఒకటి రావాలి, ఏడాదికి పది. మార్చి, డిసెంబరు నెలల్లో ఉండదు. మార్చిలో పిల్లలకు పరీక్షలు. డిసెంబరులో కరోల్స్, క్రిస్మస్ నాటికలు, ఊరి ప్రయాణాలు. ఆ నెలల్లో మన యువతను గడువు పేరుతో వెంటాడటం మంచిది కాదు. మిగతా పది నెలల్లో మొదటి శనివారం సాయంత్రం లేఖ చేరాలి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చదువుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఒక్కో లేఖలో ఒక కథ లేదా అనుభవం, రెండు కవితలు, చివర రాతకు ఒక చిన్న అభ్యాసం. అంతకు మించి వద్దు. ఒక నెల మంచి కథ చేతికి రాకపోతే రెండు కవితలతోనే పంపుదాం. చెప్పిన రోజు తప్పకూడదు, పేజీలు నింపడానికి ఏదో ఒకటి వేయకూడదు. ఈ రెండింటి మధ్య ఎంచుకోవాల్సి వస్తే లేఖను చిన్నది చేద్దాం. ప్రతి లేఖలోనూ కనీసం ఒకరు మొదటిసారి రాస్తున్నవారై ఉండాలి, వారి రచన ముందు రావాలి.

పంపినవారందరికీ తర్వాతి లేఖ వచ్చేలోపు జవాబు వెళ్ళాలి. తీసుకున్నా, తీసుకోకపోయినా. తీసుకోకపోతే ఎందుకో రెండు మాటల్లో చెప్పాలి. జవాబు విషయంలో మేము ఏడాది పొడుగునా నిలబడగలిగే వ్యవధి నెల. వారమని మాటిచ్చి తప్పడం కన్నా, నెలని చెప్పి నిలబెట్టుకోవడం మేలు.

ఇంకొక నియమం. ఈ లేఖ పేరుతో చందాల విజ్ఞప్తులు, సభల ప్రకటనలు, పండుగ శుభాకాంక్షలు పంపకూడదు. వాటికి వేరే దారులు ఉన్నాయి. నెలకు ఒకటని చెప్పి మధ్యలో నాలుగు ప్రకటనలు పంపితే అది వారపత్రికే అవుతుంది, అందులో సాహిత్యం మాత్రం ఉండదు. ఇక చాలు అనుకున్నవారు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు పైనే కనబడాలి. ఇష్టం లేనివారిని పట్టుకు కూర్చోవడం ప్రేమ కాదు.

ఏడాది గడిచాక మళ్ళీ కూర్చుందాం. అప్పుడు మేము అడగబోయే ప్రశ్నలు మూడు. మొదటిసారి రాసినవారు ఎంతమంది? వారిలో రెండోసారి రాసినవారు ఎంతమంది? పని నుంచి వచ్చి రాత్రి రాసేవారు అందులో ఎందరు? ఈ మూడింటికి జవాబు బాగుంటే, రాసే చేతులు పెరిగి ఉంటే, పక్షానికొకటి గురించి అప్పుడు ఆలోచిద్దాం. ముందు చేతులు పెరగాలి, లేఖలు ఆ తర్వాత పెరుగుతాయి.

వారానికొకటి కావాలన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చివరిగా ఒక మాట. పంపేది నెలకొకసారి అన్నాం గానీ, రాసేది నెలకొకసారి అనలేదు. మీరు వారానికొకటి రాయండి. వీలైతే రోజూ పది వాక్యాలు రాయండి. రైల్లో నిలబడి ఫోన్‌లో రాసినా సరే, పాత నోటుబుక్కు వెనక పేజీలో రాసినా సరే. నాలుగు రాస్తే వాటిలో మంచిది ఏదో మీకే తెలుస్తుంది. ఆ ఒక్కటి పంపండి.

మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి. కోలారు తెలుగులో కన్నడం కలుస్తుంది, బరంపురం తెలుగులో ఒడియా కలుస్తుంది, సోలాపూరు తెలుగులో మరాఠీ కలుస్తుంది. అది తప్పు కాదు, దాన్ని మేము దిద్దం. లిపి రానివారు మాటల్లో రికార్డు చేసి పంపితే మేము రాసిపెడతాం. మొదటి లేఖ కోసం ప్రతి నెలా ఇరవయ్యో తేదీ లోపు అందినవాటిని చూస్తాం. ఆ తేదీ దాటితే కంగారు పడకండి, పై నెల లేఖ ఎలాగూ ఉంది.